కోర్టులో చప్పట్లు వద్దన్న మనిషి

మా బాబాయ్ ఎల్డన్ స్టాంపర్‌ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని బండి నడపడం కష్టం. ఆయన కాలు ఊరుకోదు. లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది. మలుపు ఇంకా కనబడకముందే "మలుపు" అంటాడు. ఎదురుగా బొగ్గు లారీ వస్తే నాకంటే ముందు ఆయనే ఊపిరి బిగబట్టుకుంటాడు. అద్దం దించుతాడు, ఎక్కిస్తాడు, మళ్లీ దించుతాడు. సిగరెట్లు మానేసి ఏళ్లయినా చొక్కా జేబు తడుముకుంటాడు.

"బాబాయ్, కాసేపు ఊరికే కూర్చోలేవా?"

"కూర్చునే ఉన్నాను కదే పిల్లా. లేచి నిలబడ్డానా?"

ఆయన లైసెన్సు కోర్టువాళ్లు లాగేసుకున్నారు. తాగి నడుపుతూ దొరకడం అది రెండోసారి. నాకు సాయంత్రాలు ఖాళీ. నానమ్మకు పక్షవాతం వచ్చినప్పుడు పదో తరగతి మధ్యలో బడి మానేశాను, ఆవిడ పోయాక మళ్లీ వెళ్లలేదు. పొద్దుటి పూట సరుకుల కొట్లో పని చేస్తాను. అందుకని ఆయన్ని తిప్పే పని నా మీద పడింది. నాకు మాట్లాడటం అంతగా రాదు. ఆయనకు వినేవాళ్లుంటే చాలు. అలా సరిపోయింది.

బాబాయ్ బోర్లు వేస్తాడు. లైసెన్సు పోయాక బోరు లారీని ఆయన పనివాడు నడుపుతున్నాడు. మా కెంటకీ కొండల్లో మున్సిపాలిటీ గొట్టం రాని ఇళ్లు ఇంకా చాలా ఉన్నాయి. బోరు వేయించేవాళ్లు ముందు పంగల పుల్ల పట్టించాలంటారు. పీచ్ చెట్టు పుల్లయితే మరీ మంచిదట. అది కిందికి వంగిన చోట నీళ్లుంటాయని నమ్మకం. బోరు వేసేవాళ్లంతా పుల్ల పట్టుకుని దొడ్లో నాలుగు అడుగులు వేసి, ఇంటి ఆడవాళ్లు మురిసిపోయాక, తమకు వీలైన చోటే బండి నిలబెడతారు. బాబాయ్ పుల్ల ముట్టుకోడు.

"పుల్లకేం తెలుసమ్మా నీళ్ల సంగతి? బండి నిలబడే చోటు చూపించు, వేస్తాను. పడకపోతే పడలేదని నీ మొహం మీదే చెప్తాను" అంటాడు. ఆ ఒక్క మాటకే వేరేవాళ్లను పిలుచుకున్న ఇళ్లున్నాయి.

దేవుడి విషయమూ అంతే. మా ఇంట్లో అందరూ చర్చికి వెళ్తారు, తాతయ్య అయితే చర్చి పెద్ద కూడా. ఈయనొక్కడికే నమ్మకం లేదు. ఏదో పెద్ద దెబ్బ తగిలి ఉంటుందని జనం కారణం వెతుకుతారు. నేనూ ఒకసారి అడిగాను.

"దెబ్బా లేదు, గిబ్బా లేదు. చిన్నప్పుడు అందరూ కళ్లు మూసుకుంటే నేనూ మూసుకుని చూశాను. లోపల చీకటే ఉంది. మిగతావాళ్లకేదో కనిపిస్తోంది కాబోలు అనుకున్నాను. అంతే" అన్నాడు.

ఆ చీకటి గురించి ఆయన ఎవరితోనూ వాదించలేదు. తాగుడు కేసు పడేదాకా దాన్ని పదిమందిలో చెప్పాల్సిన అవసరమూ రాలేదు.

జడ్జి హెన్స్లీ గారు రెండు దారులు చూపించారు. ఒకటి, మంచు కరిగేదాకా జైలు. రెండోది, తాగుడు మాన్పించే కోర్టు. అందులో చేరితే వైద్యానికి వెళ్లాలి, అడిగినప్పుడల్లా మూత్ర పరీక్షకు ఇవ్వాలి, రెండు వారాలకోసారి జడ్జి ముందు నిలబడి ఎలా ఉన్నదీ చెప్పాలి. తప్పితే జైలు. ఎవరైనా రెండోదే పట్టుకుంటారు, బాబాయ్ కూడా అదే పట్టుకున్నాడు. పైగా ఆయనకు నిజంగానే మానాలని ఉంది. పొద్దున లేచేసరికి చేతులు వణికి బోరు గొట్టాలకు మరలు పట్టించలేకపోవడం ఆయనకే సిగ్గనిపించింది.

చిక్కేమిటంటే మా కౌంటీ మొత్తంలో ఆ వైద్యం దొరికేది ఒక్కచోటే. రూడీ పెన్నిక్స్ అనే ఆయన చర్చి నేలమాళిగలో నడిపే కేంద్రం అది. రూడీ ఒకప్పుడు తాగి తాగి ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్న మనిషి. దేవుడే చెయ్యిచ్చి పైకి లాగాడంటాడు. అది అబద్ధమని నేను అనను, బాబాయ్ కూడా ఎన్నడూ అనలేదు.

నేను వెనక కాఫీ బల్ల దగ్గర కూర్చునేదాన్ని. డోనట్లు, కాఫీ, మడత కుర్చీలు. వాళ్లు మంచివాళ్లు. ఎవరికి బండి చెడిపోయినా, ఎవరి బిడ్డకు జ్వరమొచ్చినా గిన్నెలతో వంటలు మోసుకెళ్తారు. మొదటి రోజే బాబాయ్‌ని కావిలించుకున్నారు. కానీ పాఠాలన్నీ దేవుడి దగ్గర మొదలై దేవుడి దగ్గరే తేలేవి. నా వల్ల కాదు, పైవాడికి అప్పగించుకుంటున్నాను అని ఒప్పుకుంటేగానీ తరవాతి మెట్టుకు వెళ్లనివ్వరు. చివర్న అందరూ చేతులు పట్టుకుని గుండ్రంగా నిలబడి ప్రార్థన చెప్తారు. బాబాయ్ చేతులు పట్టుకునేవాడు. నోరు మాత్రం తెరిచేవాడు కాదు. ఆ ప్రార్థన అయ్యేదాకా ఆయన మడమలు పైకీ కిందికీ ఆడుతుండేవి.

"మన దేవుడే కానక్కర్లేదు ఎల్డన్. నీకంటే పెద్దది ఏదైనా సరే. ఆ కొండ అనుకో. నీ బోరు లారీ అనుకో" అన్నాడు రూడీ.

"లారీకి అప్పగించుకోమంటావా? దానికే బ్రేకులు సరిగ్గా లేవయ్యా."

అందరూ నవ్వారు. రూడీ కూడా నవ్వాడు. నవ్వి, కోర్టుకు పంపే కాగితంలో 'సహకరించడం లేదు' అని రాశాడు.

అది తెలిసిన రోజు ఇంట్లో పెద్ద గొడవైంది. మా పిన్ని అర్లీన్ మొక్కజొన్న రొట్టె పెనం పొయ్యి మీద ధడాలున పెట్టింది.

"ప్రార్థనప్పుడు పెదాలు ఆడించవయ్యా! ఎవరు చూడొచ్చారు నీ గుండెలోకి? మీ అమ్మ ఇంట్లో నీ చెల్లెలి పాట బాగుందని ఇన్నేళ్లు నేను పెదాలు ఆడించలేదూ?"

"అది వేరు."

"ఏం వేరు? జైలుకెళ్తే నీ లారీ పని నేను చూడనా? బోర్లు నేను వేయనా?"

బాబాయ్ వంటగదిలో అటు గోడ నుంచి ఇటు గోడకు కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. చివరికి తలుపు పట్టుకుని నిలబడి అన్నాడు.

"అర్లీన్, నేను తాగింది విస్కీ ఒక్కటే కాదు. నీకు అబద్ధం, నా పనివాడికి అబద్ధం, ఎవరింట బోరు వేస్తే వాళ్లకు అబద్ధం. ఆ అబద్ధాల మీదే సాగింది ఇన్నాళ్లూ. మానడం కూడా ఒక అబద్ధంతోనే మొదలుపెట్టానంటే, అది ఎన్నాళ్లు ఆగుతుందో నాకు తెలుసు. నీకూ తెలుసు."

రొట్టె అడుగు మాడింది. ముగ్గురం అదే తిన్నాం.

ఆ తరవాత కోర్టు వాయిదా. ఈ కోర్టు మామూలు కోర్టులా ఉండదు. జడ్జి ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తారు, పిల్లలెలా ఉన్నారని అడుగుతారు. బాగా చేసినవాళ్లకు ఒక చాక్లెట్ ఇచ్చి, ఆవిడే ముందు చప్పట్లు మొదలుపెడతారు. బెంచీల మీద ఉన్నవాళ్లంతా కొట్టాలి. పోయినసారి దొంగతనం కేసులో చూసిన కుర్రాడికి ఈసారి జడ్జి చప్పట్లు కొడుతుంటే నవ్వూ వస్తుంది, కళ్లు చెమరుస్తాయి కూడా.

బాబాయ్ వంతు వచ్చింది. రూడీ కాగితం జడ్జి చేతిలో ఉంది. ఆవిడ కళ్లజోడు పైనుంచి చూశారు.

"మిస్టర్ స్టాంపర్, మీరు మీటింగులకు వస్తారట గానీ పాల్గొనరట. ఏమిటి సంగతి?"

బాబాయ్ నోరు తెరిచేలోగా వెనక బెంచీ నుంచి వెండెల్ క్రేస్ లేచాడు. వెండెల్ చర్చి పెద్ద. తాగుడు మానేసి చాలా కాలమైంది, మీటింగుల్లో బాబాయ్ పక్కనే నిలబడేవాడు. టోపీ రెండు చేతుల్తో పట్టుకుని అన్నాడు.

"మేడమ్, ఒక్క మాట. రూడీకి తెలీదు. పోయిన గురువారం మీటింగయ్యాక ఎల్డన్, నేనూ బయట నా లారీ దగ్గర ప్రార్థన చేశాం. ఇద్దరం. మోకాళ్ల మీద."

నేను ఆ గురువారం అక్కడే ఉన్నాను. వాళ్లిద్దరూ లారీ దగ్గర నిలబడింది నిజమే. కార్బురేటర్ గురించి మాట్లాడుకున్నారు.

జడ్జి మొహం విప్పారింది. "అలాగా! అదే కదా మేము చూడాలనుకునేది" అంటూ చప్పట్లు మొదలుపెట్టారు. అందరూ అందుకున్నారు. రూడీ కళ్లు తుడుచుకుంటున్నాడు. పిన్ని అయితే అరచేతులు ఎర్రబడేలా కొడుతోంది, దేవుడు కాపాడాడన్నట్టు. నా చేతులు ఒళ్లోనే ఉండిపోయాయి. నేను బాబాయ్ మెడ చూస్తున్నాను. అది ఎర్రగా కాలిపోతోంది.

"వద్దు మేడమ్. ఆపించండి" అన్నాడు.

ఎవరికీ వినబడలేదు. రెండోసారి గట్టిగా అన్నాడు. "చప్పట్లు ఆపించండి మేడమ్. నేను ప్రార్థన చేయలేదు."

చప్పట్లు ఒకేసారి ఆగలేదు. ఒక్కొక్కరూ ఆపారు. చివరగా ఆగినవి పిన్నివి.

"వెండెల్ మంచివాడు. నా మీద ప్రేమతో అలా చెప్పాడు. కానీ నేను చేయలేదు, చేయలేను. నేను తాగి ఎన్నాళ్లయిందో పరీక్షకు సీసాలో పోసి ఇస్తున్నదే చెప్తుంది. మీటింగులకు వస్తాను, కుర్చీలు మడుస్తాను, నేల తుడవమన్నా తుడుస్తాను. లేనిదాన్ని ఉందని మాత్రం అనలేను."

కోర్టు పోలీసు ఒక అడుగు ముందుకు వేశాడు. నిజంగా వేశాడో, నాకే అలా అనిపించిందో. జడ్జి పెన్ను కింద పెట్టారు. "అయితే మీకు ఈ కోర్టు సరిపడదేమో మిస్టర్ స్టాంపర్. రెండో దారి ఉండనే ఉంది" అన్నారు. గొంతు పెంచలేదు. అందుకే నాకు మరీ భయమేసింది.

అప్పుడు లేచింది లిడియా క్రౌచ్. బాబాయ్‌కి సర్కారు ఇచ్చిన వకీలు. ఎప్పుడూ చేతినిండా కాగితాలతో, భోజనానికి తీరిక లేక బిస్కెట్లు నములుతూ కనిపిస్తుంది. అప్పటిదాకా బాబాయ్‌తో నాలుగు మాటలు కూడా మాట్లాడి ఉండదు.

"మేడమ్, ఆయన వైద్యం వద్దనడం లేదు. ప్రార్థన లేని వైద్యం అడుగుతున్నాడు. జైలు చూపించి మనిషిని ప్రార్థనకు పంపే హక్కు సర్కారుకు లేదని పై కోర్టులు చాలాచోట్ల చెప్పాయి. ఇష్టపడి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చు. వద్దన్నవాడికి ఇంకో దారి చూపించాలి."

"మన కౌంటీలో ఇంకో దారి లేదు మిస్ క్రౌచ్."

"ఆ లోటు ఆయనది కాదు కదా మేడమ్. మనది."

జడ్జి రూడీ కాగితాన్ని పక్కన పెట్టారు. ఇన్నేళ్లలో ఇది ఎవరూ అడగలేదా అని లిడియాను అడిగారు. అడగడానికి ఎవరికీ ధైర్యం చాలలేదేమో మేడమ్ అంది లిడియా. తరవాతి వాయిదాలోగా కోర్టూ వెతుకుతుంది, మీరూ వెతకండి, నేను సరిచూసుకోగలిగినదై ఉండాలి, దొరకకపోతే అప్పుడు చూద్దాం అన్నారు జడ్జి. 'అప్పుడు చూద్దాం' అన్న మాట మాకు ఇంటిదాకా వినిపిస్తూనే ఉంది.

ఆ రెండు వారాలు మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. వేయాల్సిన బోర్లు ఒకటి రెండు పోయాయి. దేవుణ్ణి కోర్టుకు లాగినవాడి చేత మా దొడ్లో నీళ్లు తవ్వించం అన్నారట. పిన్ని చర్చికి వెళ్తే పక్కన కూర్చున్నావిడ బ్యాగు తీసి మధ్యలో పెట్టుకుందట. బాబాయ్ పొద్దునా సాయంత్రం లారీ చుట్టూ తిరిగేవాడు, బాగానే ఉన్న బోల్టులు విప్పి మళ్లీ బిగించేవాడు.

పెట్రోలు బంకు దగ్గర వెండెల్ ఎదురుపడ్డాడు. నేను గొట్టం పట్టుకుని ఉన్నాను.

"చర్చి పెద్దని. నీకోసం జడ్జి ముందు అబద్ధమాడానురా."

"నేను అడిగానా వెండెల్?"

"అడక్కుండానే ఆడాను. అందుకేరా మంట. మోకాళ్ల మీద అని కూడా కలిపాను."

"అది కొంచెం ఎక్కువైంది. నా మోకాలు వంగదని ఊరందరికీ తెలుసు."

వెండెల్ నవ్వబోయి ఆపుకున్నాడు. "నిన్ను చూస్తే ఒళ్లు మండుతుంది ఎల్డన్. జైల్లో పడితే నేనే వచ్చి చూడాలి, అదొకటి" అని బండెక్కి వెళ్లిపోయాడు. వెళ్తూ హారన్ కొట్టాడు. తిట్టాడో, పలకరించాడో మాకు అర్థం కాలేదు.

దారి చూపించింది లైబ్రరీ ఆవిడ. ప్రార్థన లేని మీటింగులు ఉన్నాయి, కానీ మనిషీ మనిషీ ఎదురుగా కలిసేవి దూరపు నగరంలోనే. ఫోనులో చేరేవి మాత్రం వారంలో చాలా రోజులు జరుగుతాయి, వచ్చినట్టు రుజువు కూడా పంపుతారు. అక్కడ మరో చిక్కు వచ్చింది. మా లోయలో ఫోను పలకదు. సిగ్నల్ కావాలంటే కొండ మీది నీళ్ల ట్యాంకు దాకా ఎక్కాలి. అలా సాయంత్రాలు మట్టిరోడ్డు మీద బండి ఎక్కించి, ట్యాంకు కింద నిలిపి, నా ఫోను స్టీరింగ్ ముందు ఆనించేవాళ్లం. తెర మీద చిన్న చిన్న గళ్లలో మొహాలు. నడిపే ఆవిడ పేరు వెరా, నెరిసిన జుట్టు, ఒళ్లో పిల్లి.

మొదటిసారి బాబాయ్ కుదురుగా కూర్చోలేదు. బండి దిగాడు, ఎక్కాడు, తెరలో ఆయన గడిలో ఒకసారి గెడ్డం, ఒకసారి ఖాళీ సీటు. వెరా మటుకు దాన్ని పట్టించుకోలేదు. తాగాలనిపించినప్పుడు దానికి ముందు ఏం జరిగిందో గుర్తుచేసుకోండి, అదొక్కటే ఈ వారం పని అంది.

"ఇది బాగుంది. గొట్టం విరిగితే ఎక్కడ విరిగిందో చూస్తాం కదా, అలా" అన్నాడు కొండ దిగుతూ.

తరవాతి వాయిదాలో జడ్జి ఒప్పుకున్నారు. పరీక్షలు అలాగే, రూడీ బదులు వెరా, రుజువులు ప్రతివారం. చప్పట్లు కొట్టాలా వద్దా అని బెంచీల మీదివాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. జడ్జి "తరవాతి కేసు" అనేశారు. లిడియా ఆనందం పట్టలేక నా చేతిలో బిస్కెట్ పొట్లం పెట్టింది.

కథ అక్కడ అయిపోయిందనుకున్నాం.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కొండ ఎక్కుతుంటే సగంలో "బండి ఆపవే" అన్నాడు. ఆపాను. అద్దంలోంచి బయటికి చూస్తూ చెప్పాడు.

"నిన్న తాగాను."

"పిన్నికి తెలుసా?" అన్నాను.

"చెప్పాను. గిన్నె విసిరింది. తగల్లేదు."

"పరీక్షలో దొరుకుతావా బాబాయ్?"

"దొరకకపోవచ్చు. ఈ వారం పిలవకపోవచ్చు కూడా." జేబు తడుముకున్నాడు. "అదే కదా మరి గోల. పాత ఎల్డన్‌కి ఆ మాట చాలు, పండగ."

ట్యాంకు దగ్గరికి వెళ్లాం. అందరికంటే ముందు ఆయనే మాట్లాడాడు. తాగానని చెప్పాడు. వెరా పిల్లిని కిందికి దించి, "తాగడానికి ముందు గంట ఏం చేస్తున్నావు?" అని అడిగింది.

"ఏమీ చేయడం లేదు. అదే సంగతి. అన్ని రోజులూ జడ్జి మీద, రూడీ మీద, ఊరి మీద కోపంతో నిలబడ్డాను. గెలిచాను. గెలిచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. లారీ సామాన్ల పెట్టెలో అడుగున ఒక సీసా ఉందని నాకు ఎప్పుడూ తెలుసు." ఫోను వైపు వంగి, "తెలియనట్టు ఉన్నాను" అన్నాడు.

తెరలో ఎవరూ క్షమించలేదు, ఎవరూ దీవించలేదు. ఒక లారీ డ్రైవరు, "ఇప్పుడా పెట్టెలో ఏముంది?" అని అడిగాడు. "గొలుసు, రెంచీలు" అన్నాడు బాబాయ్. "వెళ్లి మళ్లీ చూడు" అన్నాడు అతను.

వాయిదా నాడు లిడియా గుసగుసగా వద్దని చెప్తూనే ఉంది. ఈయన లేచి తాగానని చెప్పేశాడు. కోర్టులో రూడీ ఉన్నాడు, వెండెల్ ఉన్నాడు. దేవుణ్ణి వద్దన్నవాడు ఏమయ్యాడో చూశారా అని వాళ్లు అనుకుంటారని నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. అయినా చెప్పాడు.

జడ్జి హెన్స్లీ పెన్ను తీసుకుని రాసుకున్నారు. "శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం మధ్యాహ్నం దాకా జైలు. ఎవరు తాగినా ఇంతే, రూడీ దగ్గరికి వెళ్లేవాళ్లకైనా ఇంతే. ఇది ప్రార్థన గురించి కాదని మీకు అర్థమైందా?"

"అర్థమైంది మేడమ్. తాగినందుకు. ఇది నాదే."

శుక్రవారం నేనే తీసుకెళ్లాను. జైలు గుమాస్తా గాజు వెనక కూర్చుని కంప్యూటరు చూస్తూ ప్రశ్నలు అడుగుతున్నాడు. పేరు, వయసు, మందులేమైనా వాడుతున్నారా.

"మతం?"

బాబాయ్ గాజు వైపు వంగాడు.

"లేదు."

అతను అదే టైపు చేశాడు. తల కూడా ఎత్తలేదు. "పల్లీలు పడవా? పాలు పడవా?"

"అన్నీ పడతాయి."

"బెల్టు, బూటు లేసులు తీసేయండి."

బాబాయ్ లేసులు లాగి, చుట్టి, నా చేతిలో పెట్టాడు. తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగాడు.

"ఆదివారం సాయంత్రం మీటింగుంది. ఆ ఫోను ఛార్జింగు పెట్టుకో పిల్లా. పోయినసారి సగంలో చచ్చింది."